శనివారం చదివే గొంతు

చీకటి పడ్డాక ఆ పుస్తకాల కొట్టు పక్క సందులోంచి ఎవరూ ఒంటరిగా నడవరు. నడవక తప్పనివాళ్ళు తమలో తాము ఏదో గట్టిగా మాట్లాడుకుంటూ, చెప్పులు టపటపలాడించుకుంటూ, వెనక గది కిటికీ వైపు తల తిప్పకుండా దాటేస్తారు.

ఎందుకంటే ఆ కిటికీలోంచి... ఎవరో పుస్తకం చదువుతున్నట్టు వినపడుతుంది.

ఏడుపూ కేకలూ ఏమీ ఉండవు. పక్కన కూర్చున్నవాళ్ళకి వినిపించడానికి చదివినట్టు, మామూలుగా, నిదానంగా చదవడం. పేజీ తిప్పిన చప్పుడు కూడా వస్తుందంటారు. చూస్తే సందు వైపు తలుపుకి బయట తాళం వేసే ఉంటుంది... లోపల దీపం ఉండదు.

నేను విన్నది చెబుతున్నాను. విన్నదంటే మనుషుల నోట విన్నది. ఆ గొంతు మాత్రం నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. పని లేకపోయినా ఎన్నో రాత్రులు ఆ సందులో తచ్చాడాను. నా ఖర్మకి ఒక్క వాక్యం చెవిన పడితే ఒట్టు. పుస్తకం మొహం చూడనివాళ్ళందరికీ వినపడి, ఇన్నేళ్ళుగా అక్కడే కొని అక్కడే చదువుకున్న నాకు వినపడకపోవడమేమిటని ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాకు చెప్పింది ఎదురుగా కళ్ళద్దాల కొట్టు పెట్టుకున్నాయన. ఆయన అబద్ధాలాడడు. కాకపోతే నిజాన్ని మధ్యమధ్యలో ఆపి, ఎదుటి మనిషి మొహం చూసి, భయపడ్డాడని తేలాక మళ్ళీ మొదలుపెడతాడు.

ముందు ఆ కొట్టు సంగతి చెప్పాలి.

మాది చిన్న ఊరు. ఉన్నదల్లా ఒకే పుస్తకాల కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో సమావేశాలు, మేడమీద కాపురం. నెలకోసారి పాత పుస్తకాలు మార్చుకునే రోజు, చిరిగిన అట్టలు అంటించుకునే సాయంత్రం, పిల్లలకి బొమ్మల పోటీ — ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది. అన్నిటికన్నా గొప్పది శనివారం చదువు. పుస్తకాలాయన భార్య వెనక గదిలో చేతుల కుర్చీలో కూర్చుని ఏదో ఒక నవల పైకి చదివేది, ఊరు వినేది. అంతే. కుర్చీలు చాలక ఎదురు కళ్ళద్దాల కొట్లోవి కూడా మోసుకొచ్చేవాళ్ళు. పొద్దున్నే వాటిని వెనక్కి తీసుకెళ్ళడానికని ఆయన దగ్గర సందు తలుపు తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఉండేది.

ఆవిడ గొంతు ఎలాంటిదో నా మాటల్లో చెప్పలేను, కళ్ళద్దాలాయన మాటే చెబుతాను. "అక్కగారు 'వాన' అని చదివితే నేను గొడుగు కోసం చూసుకునేవాణ్ణి" అంటాడు. ప్రతి అక్షరానికీ దాని మర్యాద దానికి ఇచ్చేది. ముఖ్యంగా 'ళ'. ఆవిడ నోట 'కళ్ళు' అనే మాట వింటే ఎవరో మన వంక నిజంగా చూసినట్టే ఉండేది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి, వారం తిరక్కుండానే ఆవిడ పోయింది.

శనివారాలు ఆగిపోయాయి. పుస్తకాలాయన కొట్టు తెరవడం, మూయడం తప్ప ఏమీ చేసేవాడు కాదు. కొన్నాళ్ళకి అందరూ పోరగా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినామె ఒక అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టిన మనిషి. పని రాక్షసి. బీరువాలు కడిగింది, చెదపట్టిన అరలు తీయించింది, గోడలకి రెండుసార్లు రంగు వేయించింది. రంగు పాతబడింది గానీ ఆమె మాత్రం ఊరికి 'కొత్తావిడ'గానే ఉండిపోయింది. పోయినావిడ పెద్దావిడ, ఈమె కొత్తావిడ.

కొత్తావిడే శనివారాలు మళ్ళీ మొదలుపెట్టింది. జనం వచ్చారు. చేతుల కుర్చీ పైన గోడమీద పెద్దావిడ ఫొటో. ఫొటో కింద కొత్తావిడ. పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, ఎంతో ఇదిగా చదవడం మొదలుపెట్టింది.

"ఆ రాత్రంతా అతని కల్లు మూతపడలేదు."

వెనక వరసలోంచి సెలూన్ ఆయన గొంతు వినపడింది. "అంతసేపు తెరిచి ఉంచుతారా? ఎక్కడో చెబితే మేమూ వెళ్తాం."

ఇంక ఆగలేదు. కుర్చీలు కదిలిపోయేట్టు నవ్వారు. పాపం ఆమెకి 'ళ' పలకదు. వాళ్ళింట్లో తల్లికీ అంతే, అక్కచెల్లెళ్ళకీ అంతే. కళ్ళని కల్లంటారు, నీళ్ళని నీల్లంటారు, అందరూ అదే అనడం వల్ల అది తప్పని ఎవరికీ తెలియదు. ఆ శనివారం దాకా ఆమెకీ తెలియదు.

నవ్వులు తగ్గాక ఆమె తల ఎత్తి చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మొగుడు కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఊరంతా నవ్వితే తట్టుకున్న మనిషి అది చూసి పుస్తకం మూసేసింది.

ఆ తర్వాత చదవడం బడి పంతులుగారికి అప్పగించారు. ఆయన చదివితే పద్దు అప్పజెప్పినట్టుండేది. జనం పలచబడ్డారు. వచ్చిన నలుగురూ కొత్తావిడ ఇచ్చిన టీ తాగుతూ ఆమెకే పాఠాలు చెప్పేవాళ్ళు. పెద్దావిడ ఇక్కడ ఆగేదమ్మా, ఇక్కడ గొంతు తగ్గించేది, ఇదిగో ఈ మాట ఇలా అనేది అని పలికి చూపించేవాళ్ళు. ఒకరని కాదు. ఆసుపత్రి నర్సమ్మా అంతే, సెలూన్ ఆయనా అంతే. అందరికన్నా ఎక్కువగా కళ్ళద్దాలాయన.

ఆమె అన్నీ వినేది. గ్లాసులు తీసుకెళ్ళి కడిగేది. పొద్దున్నే తన చేత్తోనే ఆ ఫొటో తుడిచేది. లోపల మాత్రం భగ్గుమనేది. బతికున్న సవతి అయితే ఒకనాడు కూర మాడ్చేది, ఒకనాడు మొహం ముడుచుకునేది, ఏదో ఒక రోజుకి గొంతు బొంగురుపోయేది. పోయిన సవతితో ఏం పెట్టుకోను అని నర్సమ్మ దగ్గర ఒకసారి అననే అంది. ఆమెకి పెద్ద కోరికలేం లేవు. ఒక్క శనివారం — ఒకే ఒక్క శనివారం — జనం పైనున్న ఫొటో వంక కాకుండా కింద కూర్చున్న తన వంక చూడాలి. అది జరక్కపోతే ఆ ఇంట్లో తను టీ కలిపే మనిషే తప్ప ఇంకేం కాదు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే ఆ గొంతు మొదలైంది.

ముందు విన్నది సెలూన్ ఆయన. రాత్రి కొట్టు కట్టేసి సందులోంచి వస్తుంటే కిటికీ లోపల ఎవరో చదువుతున్నారు. నిదానంగా... ఆగాల్సిన చోట ఆగుతూ... తగ్గాల్సిన చోట తగ్గుతూ. ఆయన మర్నాడు సెలూన్‌లో కత్తి పక్కన పడేసి మరీ చెప్పాడు. తర్వాత పాలాయన విన్నాడు. ఆ తర్వాత రాత్రి డ్యూటీ దిగి వస్తున్న నర్సమ్మ విని, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

పెద్దావిడే. అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ 'ళ' ఒక్కటి చాలదా అన్నారు. ఊళ్ళో ఇంకెవరికి వస్తుంది ఆ మాట? కొత్తావిడకా?

ఇంకేముంది, శనివారాలకి మళ్ళీ జనం. పంతులుగారి చదువుకి కాదు. దెయ్యం తిరిగే గదిలో కాసేపు కూర్చోవడానికి. చేతుల కుర్చీ ఖాళీగా వదిలేసి దాని చుట్టూ కూర్చునేవాళ్ళు. ఎవరెవరు ఎప్పుడెప్పుడు విన్నారో గుసగుసగా చెప్పుకునేవాళ్ళు. "నీ అదృష్టమమ్మా, అంతటి మనిషి నీ ఇంట్లోనే ఉంది" అని కొత్తావిడతోనే అనేవాళ్ళు. ఆమె టీ గ్లాసు బల్లమీద పెడితే సగం ఒలికేది.

అందరికన్నా ఎక్కువ కుళ్ళిపోయింది కళ్ళద్దాలాయన. ఆ మాట ఆయనే నాతో ఒప్పుకున్నాడు. సెలూన్ ఆయన పెద్దావిడ చదువుతుంటే వెనక వరసలో గురకపెట్టిన మనిషి. పాలాయన ఏనాడూ లోపలికి రాలేదు. వాళ్ళకి చదివి వినిపిస్తోందా? మరి ఒక్క శనివారం తప్పకుండా మొదటి వరసలో కూర్చున్న నాకెందుకు వినపడదు? పోయాక కూడా ఈ పక్షపాతమేమిటి అక్కగారూ అని ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదట.

చివరికి ఒక రాత్రి కొట్లోనే ఉండిపోయాడు. షట్టరు సగం దించి, చేతిలో ఒక అద్దం పెట్టుకుని, గుడ్డతో తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. వీధి సద్దుమణిగింది. ఎక్కడో ఒక తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు...

ఇంక ఇంటికి పోదామని లేచాడు.

అప్పుడు వినపడింది.

"...అతను వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు..."

చేతిలో అద్దం జారి కింద పడింది. అదే గొంతు. 'కళ్ళ' దగ్గర అదే ఒత్తు. 'నీళ్ళు' తర్వాత అదే ఆగడం. భయం కన్నా ముందు ఆయనకి ఏడుపొచ్చిందట. తనకీ చదివింది. చివరికి తనకీ చదివింది.

వీధి దాటాడు. సందులోకి తిరిగాడు. తాళంచెవి జేబులోనే ఉంది గానీ వేళ్ళకి దొరకలేదు. దొరికాక తాళానికి దూరలేదు. లోపల చదువు సాగుతూనే ఉంది — ఒక పేజీ తిప్పిన చప్పుడు... మళ్ళీ గొంతు.

తాళం తీశాడు. తలుపు లోపలికి తోశాడు.

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పాత కాగితాల వాసన. చేతుల కుర్చీ ఉండే వైపు నుంచి... గొంతు.

"అక్కగారూ," అన్నాడు.

చదువు ఆగిపోయింది.

ఎవరో ఊపిరి బిగబట్టారు. ఊపిరి! పుస్తకం మెల్లగా మూసిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. ఏదో లేచి నిలబడింది... ఒక అడుగు ఆయన వైపు వేసింది...

"వెల్లిపోండి అన్నయ్యగారూ."

వెల్లిపోండి. వెళ్ళిపోండి కాదు.

అగ్గిపుల్ల గీశాడు. చేతుల కుర్చీ ముందు, శాలువా కప్పుకుని, చెమటలు కక్కుతూ కొత్తావిడ.

నిజం చెప్పొద్దూ, ఆయనకి ముందు కోపమే వచ్చిందట. ఇన్నాళ్ళు దెయ్యం కోసం కాచుకుంటే చివరికి ఎదురింటి మనిషా దొరికేది? ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. కుర్చీలో మళ్ళీ కూలబడి అంతా చెప్పింది. కుళాయి విప్పి, ఆ చప్పుడులో నాలుక మడవడం నేర్చుకుంది. పెద్దావిడ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. ఊళ్ళో వాళ్ళు ఇలా ఆగేది, ఇలా తగ్గించేది అని పలికి చూపించిన ముక్కలన్నీ ఏరుకుని అతికించుకుంది. దీపం పెడితే కనపడుతుందని పేజీలకి పేజీలు బట్టీపట్టింది, చేతిలో పుస్తకం లేకపోతే మాట సాగదని చీకట్లోనూ పేజీలు తిప్పేది. మొగుడు నిద్రపోయాక లోపలి మెట్లమీంచి దిగి వచ్చి, చీకట్లో ఆ కుర్చీలో కూర్చుంటే నాలుక తిరిగేది. వెలుగులో, తన మామూలు మాటల్లో మాత్రం మళ్ళీ మొదటికే వచ్చేది.

"మరి ఊరంతా పెద్దావిడ అనుకుంటుంటే చెప్పవేమ్మా?" అన్నాడు ఆయన.

"ఎవరు నమ్ముతారు? చదివేది నేను, పేరు ఆవిడకి. నా నోటి దగ్గర కూడు లాక్కుంటోంది అన్నయ్యగారూ. ఇన్ని మెచ్చుకోల్లలో ఒక్కటైనా నాది కావద్దా?"

ఆ మాటకి ఆయన మెత్తబడ్డాడు. వచ్చే శనివారం దీపాల కింద, అందరి ముందు చదవమన్నాడు. జనాన్ని పోగుచేసే పూచీ తనదన్నాడు.

ఆ శనివారం నేనూ ఉన్నాను. కిటికీల్లో కూడా మనుషులు. కొత్తావిడ చేతుల కుర్చీలో కూర్చుంటే కొందరు నొచ్చుకున్నట్టు గొణిగారు. ఆమె ఎవరి వంకా చూడకుండా కళ్ళు మూసుకుంది. మూసుకునే చదివింది.

ఏం చదివింది! ఒక్క 'ళ' దొర్లలేదు. గది ఊపిరి పీల్చుకోవడం మానేసింది. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. చదవడం అయిపోయాక సెలూన్ ఆయన లేచి, చేతులు జోడించి... ఫొటోకి దణ్ణం పెట్టాడు.

"పెద్దావిడే. ఈమె ఒంటిమీదకొచ్చి పలికింది."

అంతే, గదిలో తలలన్నీ పైకి తిరిగాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి ఫొటోకి దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయారు. కుర్చీలో ఉన్న మనిషితో ఎవరూ ఒక్క మాట అనలేదు. దగ్గరికి రావడానికే జంకారు. కళ్ళద్దాలాయన అసలు సంగతి చెప్పబోతే, నీకు మాత్రం వినపడలేదని కుళ్ళు అన్నారు.

తర్వాత జరిగింది పుస్తకాలాయనే కళ్ళద్దాలాయనతో చెప్పుకున్నాడు.

అందరూ పోయాక ఆయన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. ఆమె అక్కడే కూర్చుని ఉంది. రాత్రిళ్ళు పక్కన నువ్వు లేకపోవడం నాకు తెలుసు అన్నాడు. రోజూ మెట్ల మధ్యలో కూర్చుని వింటూనే ఉన్నానన్నాడు.

"ఆవిడ గొంతు వినడానికేగా," అంది ఆమె.

"కాదు. ఎక్కడైనా నోరు జారి, ఒక్క మాట నీలా అంటావేమోనని."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన కుర్చీ దించి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ గొంతు నేను విన్నంత కాలం విన్నాను, నా చేతులతో సాగనంపాను, ఇప్పుడు దాన్ని తెచ్చి నువ్వు కప్పుకుంటే నాకు మీరిద్దరూ లేనట్టే అన్నాడు. ఆ మొదటి శనివారం నవ్వింది వెక్కిరింపు కాదన్నాడు. ఆవిడ పోయాక తనకి నవ్వొచ్చింది అదే మొదటిసారి.

ఆమె లేచి, స్టూలు వేసుకుని, ఫొటో గోడమీంచి దించింది. దుమ్ము పడుతోంది అంది. తీసుకెళ్ళి అట్టలు అంటించే బల్ల పైన, బంక డబ్బాల పక్కన మూలకి తగిలించింది. పుస్తకాలాయన చూసి ఊరుకున్నాడు.

పై శనివారం ఆమె తన గొంతుతో చదివింది. కల్లు వచ్చింది, నీల్లు వచ్చాయి. జనం నవ్వారు. ఈసారి ఆమె పుస్తకం మూయలేదు. వాళ్ళతో పాటు తనూ నవ్వి, కంట్లో నీరు తుడుచుకుని, ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి చదివింది. కాసేపటికి నవ్వులు వాటంతట అవే తగ్గాయి. కథలో బిడ్డ తప్పిపోయే చోట ఆమె "ఊరి వాల్లంతా చీకట్లోకి వెల్లారు" అని చదివితే సెలూన్ ఆయన కూడా నవ్వలేదు. మెడ ముందుకు చాచి వింటున్నాడు.

నెల తిరిగేసరికి కళ్ళద్దాల కొట్టు కుర్చీలు కూడా చాలలేదు. పిల్లలు ఆమెని కల్లు పిన్ని అని పిలిచేవాళ్ళు, ఆమె పలికేది. పుస్తకాలాయన గుమ్మం దగ్గర నుంచి మొదటి వరసకి వచ్చాడు. మూలనున్న ఫొటో వంక ఎవరూ చూడటం లేదు. బంక డబ్బా మూత తీసినప్పుడు ఎగిరిన చుక్క ఒకటి ఆ అద్దం మీద ఎండిపోయి ఉంది, కొత్తావిడ దాన్ని తుడవలేదు. నేను చూశాను.

రాత్రిళ్ళు గది నిశ్శబ్దంగా ఉండేది. పెద్దావిడ వెళ్ళిపోయిందన్నారు. మా ముగ్గురికే తెలుసు కదా అసలు సంగతి అని కళ్ళద్దాలాయన లోలోపల నవ్వుకునేవాడు.

అలా ఉండగా ఒక రాత్రి...

కళ్ళద్దాలాయన పని ఆలస్యమై షట్టరు దించుతున్నాడు. ఎదుటి సందులో వెనక గది కిటికీలోంచి గొంతు. ఈమెకి మళ్ళీ పాత బుద్ధి పుట్టిందే అనుకున్నాడు. నవ్వుకుంటూ తాళం వేశాడు. వేసి, ఎందుకో పైకి చూశాడు.

మేడమీద కిటికీలో దీపం వెలుగుతోంది. కొత్తావిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. పక్కన మొగుడు ఏదో చెబుతున్నాడు. ఆమె నవ్వుతోంది.

కింద గొంతు... సాగుతూనే ఉంది.

అది చదవడం కాదు. ఒకే ఒక్క మాట. మళ్ళీ మళ్ళీ అదే మాట.

"కళ్ళు..."

కాసేపు ఏమీ లేదు.

"కళ్ళు... కళ్ళు..."

ఎంత స్వచ్ఛమైన 'ళ' అది! ఊళ్ళో ఎవరికీ రానిది, కొత్తావిడ రాత్రిళ్ళు కష్టపడి తెచ్చుకున్నదానికి కూడా అంత నిగ్గు లేదు. కానీ ఆ గొంతుకి అది అక్కర్లేనట్టుంది. ఆ మాటని విరగ్గొట్టాలని చూస్తోంది. "కల్... ళు..." అని ఆగుతోంది. పళ్ళు కొరుకుతున్నట్టు, ఉక్రోషంగా, మళ్ళీ మొదలుపెడుతోంది. విరగడం లేదు. ఎలా అన్నా కళ్ళే వస్తోంది.

పైన కొత్తావిడ చేతిలో బట్ట ఆగింది. వింది. కిటికీ దగ్గరికి వచ్చి కిందికి చూసింది. వీధి అవతల నిలబడ్డ కళ్ళద్దాలాయన కనపడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె నోటిమీద వేలు పెట్టుకుంది.

దీపం కిటికీలోంచి కదిలింది. మెట్ల వైపు వెళ్ళింది. ఒక్కొక్క మెట్టే దిగుతున్న చప్పుడు. వెనక గది కిటికీ వెలుగు సందులో పసుపు పచ్చగా పడింది...

గొంతు ఆగిపోయింది.

లోపల కుర్చీ లాగిన చప్పుడైంది. చేతుల కుర్చీ కాదు, దాని ఎదుట ఇంకొకటి. కొత్తావిడ గొంతు వినపడింది. భయం లేదు అందులో. తొందర కూడా లేదు.

"అలా కాదక్కా. నాలుక పైకి మడవకు... వదిలెయ్."

చాలాసేపటిదాకా ఏమీ లేదు. తర్వాత చీకటి గొంతు మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి ఉక్రోషం లేదు. కొత్తగా బళ్ళో వేసిన పిల్లలా మెల్లగా, బిడియంగా.

"ఊహూఁ," అంది కొత్తావిడ. "రాలేదు. మల్లీ చెప్పు."